సిరోంచ సరిహద్దులో చరిత్ర సందర్శన: గైడు వెంట, సొంతంగా

మహారాష్ట్ర దక్షిణపు కొసన, ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచ గడ్చిరోలి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. పడమట ప్రాణహిత దాటితే మంచిర్యాల జిల్లా, దక్షిణాన గోదావరి దాటితే కాళేశ్వరం, తూర్పున ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. పాత గుళ్ళు, కోట శిథిలాలు, రద్దయిపోయిన ఒక బ్రిటిష్ జిల్లా జాడలు, జురాసిక్ కాలపు శిలాజాలు, టేకు అడవులు, మాడియా గోండుల ఊళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. వీటిని చూడటానికి వచ్చే తెలుగు యాత్రికుడికి రోమ్‌కో కైరోకో వెళ్ళేవాడికి ఎదురయ్యే ప్రశ్నే ఎదురవుతుంది: తెలిసినవారి వెంట నడవాలా, సొంతంగా తిరగాలా? రోమ్ యాత్రికుడికి జవాబు వెతుక్కోవడానికి పుస్తకాలు, ఏజెన్సీలు, గుర్తింపు పొందిన గైడ్లు ఉన్నారు. సిరోంచకు వచ్చేవారికి అవేవీ లేవు. అందువల్ల ఇక్కడ ఒకే జవాబు అన్ని చోట్లకూ సరిపోదు. ఒక్కో స్థలానికీ విడిగా ఆలోచించుకోవాలి.

తోడుతో యాత్ర, తోడు లేని యాత్ర

గైడు వెంట జరిగే సామూహిక పర్యటనకు మూలపురుషుడిగా థామస్ కుక్‌ను చెబుతారు. 1841 జులై 5న ఆయన ఇంగ్లండులోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ప్రత్యేక రైలులో కొన్ని వందల మందిని తీసుకువెళ్ళాడు. సొంతంగా తిరిగేవారి కోసం లండన్‌లో జాన్ మర్రే 1836లోనే చేతి పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. జర్మనీలో కార్ల్ బేడెకర్ అదే పని చేశాడు. మనిషి చెప్పే దారి, పుస్తకం చెప్పే దారి అలా పక్కపక్కనే పెరిగాయి.

తెలుగువారికి ఈ రెండు దారులూ అంతకుముందు నుంచే తెలుసు. కాశీ, గయ, ప్రయాగలకు వెళ్ళే తెలుగు కుటుంబాలకు బస, భోజనం, కర్మకాండ, ఊళ్ళో తిరగడం అంతా చూసుకునే తీర్థ పురోహితులు ఉండేవారు. తాతముత్తాతల పేర్లు వాళ్ళ దస్త్రాల్లో ఉండేవి. అది వంశపారంపర్యంగా నడిచిన గైడు వ్యవస్థ. రెండో దారికి ఏనుగుల వీరాస్వామి గొప్ప ఉదాహరణ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో బయలుదేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరులో మద్రాసుకు తిరిగివచ్చాడు. పెద్ద పరివారంతో నడిచినా ఆయన కళ్ళు ఆయనవే. ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, ఏ నది ఎలా దాటాలి, దారి ఎలా ఉంది, ఎవరి పాలన నడుస్తోంది అన్నీ రాసి పెట్టాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' తరువాత వెళ్ళేవారికి దారి చూపే పుస్తకంగా కూడా పనికివచ్చింది. చూడటం, కనుక్కోవడం, రాసుకోవడం తెలిసిన యాత్రికుడు తనకు తానే గైడు కాగలడని ఆ పుస్తకం రుజువు చేస్తుంది.

భాష అనే సౌకర్యం

విదేశానికి వెళ్ళే తెలుగువారిలో చాలామంది ప్యాకేజీ వైపు మొగ్గడానికి మొదటి కారణం భాష, రెండోది తిండి. ఐరోపా యాత్రలు అమ్మే మన ఏజెన్సీలన్నీ భారతీయ భోజనాన్ని పెద్ద అక్షరాల్లో వేసేది అందుకే. సిరోంచలో ఈ రెండు కారణాలూ చెల్లవు. రాష్ట్రం మహారాష్ట్ర అయినా బజారులో, బస్టాండులో, ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. దారి అడిగితే జవాబు తెలుగులో వస్తుంది, కరీంనగర్, ఆదిలాబాద్ యాసకు దగ్గరగా. చిక్కు చదవడంలోనే వస్తుంది. కార్యాలయాల బోర్డులు, బస్సుల మీది ఊరి పేర్లు, బడి గోడల మీది రాతలు మరాఠీలో, దేవనాగరిలో ఉంటాయి. నాగరి లిపి రాని తెలుగు యాత్రికుడికి ఇక్కడ నోరే ఆధారం. అడగడానికి మొహమాటపడనివారికి సొంత ప్రయాణం ఇంత సులువుగా సాగే చోటు తెలుగు రాష్ట్రాల బయట అరుదు.

ఇక్కడి తెలుగుకు చరిత్ర ఉంది. 1860లో నిజాంతో కుదిరిన ఒప్పందం ప్రకారం గోదావరి, ప్రాణహితల ఎడమ గట్టు ప్రాంతం బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. దానితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరోంచ దాని ముఖ్యపట్టణం. భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు ఆ జిల్లాలోవే. అంటే నేడు తెలుగు భక్తుల గుండెల్లో ఉన్న భద్రాచలం కొంతకాలం సిరోంచ నుంచి పాలన అందుకున్న ఊరు. 1874లో జిల్లాను రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు పోయాయి. మిగిలింది చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో సిరోంచ తహసీలుగా కలిసింది. చర్ల, ఆల్బాక, నూగూరు 20వ శతాబ్దం మొదటి దశకంలో మద్రాసుకు చేరాయి. సిరోంచ మధ్య పరగణాల్లోనే ఉండిపోయి, మధ్యప్రదేశ్ మీదుగా 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లాను ఏర్పరిచారు.

కాళేశ్వరం

ఈ ప్రాంతానికి వచ్చే తెలుగువారిలో అత్యధికులు ఆగేది గోదావరి కుడి ఒడ్డునే. కాళేశ్వర ముక్తేశ్వర ఆలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. కాళేశ్వరుడిగా యముడు, ముక్తేశ్వరుడిగా శివుడు పూజలందుకుంటారు. మొదటి పూజ కాళేశ్వరుడికి. ద్రాక్షారామం, శ్రీశైలంతో కలిపి దీన్ని త్రిలింగ క్షేత్రాల్లో ఒకటిగా చెబుతారు. గోదావరి, ప్రాణహిత కలిసేచోట సరస్వతి అంతర్వాహినిగా ఉందని నమ్మకం. 2025 మే 15 నుంచి 26 వరకు ఇక్కడ సరస్వతి పుష్కరాలు జరిగింది ఆ నమ్మకంతోనే.

కాళేశ్వరంలో బయటి గైడు అవసరం లేదు. ఆలయం, సంగమం, స్నానఘట్టం, పిండప్రదానం, అస్థి నిమజ్జనం అన్నీ ఒక క్రమంలో సాగుతాయి. చెప్పాల్సింది పురోహితులు చెబుతారు. భక్తుడికి కావలసిన అర్థం ఆ క్రమంలోనే ఉంది. గుడి వాస్తును, కాలాన్ని తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం పురోహితుడి మాట చాలదు. స్థల పురాణం చెప్పేవారిని శాసనాల గురించి అడగడం వారికి అన్యాయం చేసినట్టు. ఆ ప్రశ్నలున్నవారు ముందే చదువుకుని రావాలి.

2019 జూన్ 21న మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమయ్యాక గుడినీ ప్రాజెక్టునూ కలిపి చూపే బస్సు యాత్రలు వచ్చాయి. 85 గేట్లతో గోదావరికి అడ్డంగా నిలిచిన ఆ కట్టడాన్ని చూడటానికి జనం బాగానే వచ్చారు. 2023 అక్టోబరు 21న కొన్ని పియర్లు కుంగాక పరిస్థితి మారింది. ఇప్పుడు బ్యారేజీ దగ్గరకు వెళ్ళాలనుకునేవారు, వెళ్ళనిస్తారో లేదో ముందే కనుక్కుని బయలుదేరడం మంచిది.

ఈ ప్యాకేజీల లోటు ఒకటే, కానీ పెద్దది. అవి కుడి గట్టునే ఆగిపోతాయి. ఒక వంతెన దాటితే వచ్చే సిరోంచ వాటి జాబితాల్లో కనబడదు. 2010ల దాకా కాళేశ్వరం నుంచి సిరోంచకు నాటు పడవే దిక్కు. ఇప్పుడు గోదావరి మీదా ప్రాణహిత మీదా వంతెనలున్నాయి. బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతాయి. దారి వచ్చింది కానీ, యాత్రికుల అలవాటు మారలేదు.

సిరోంచ పట్టణం

సొంతంగా తిరిగేవాడిని పూర్తిగా నిరాశపరచగల ఊరు సిరోంచ. నది ఒడ్డున పాత కోట శిథిలాలు, బ్రిటిష్ కాలపు కట్టడాలు, ఒక మామూలు తాలూకా బజారు. అరగంటలో చూడటం అయిపోతుంది. చూసినవాడికి ఏమీ తెలియదు. ఈ ఊరి విలువ దాని కథలో ఉంది. ఆ కథ చెప్పే ఫలకం ఒక్కటీ లేదు.

ఆ కథ గోదావరి నౌకాయానానిది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ గోదావరిని సముద్రం నుంచి మధ్య భారతం దాకా నావలు నడిచే దారిగా చేయవచ్చని నమ్మాడు. బేరారులోను, వార్ధా లోయలోను పండే పత్తి ప్రాణహిత మీదుగా గోదావరిలోకి దిగి కోస్తా రేవులకు చేరాలన్నది ఆలోచన. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద అహేరి దగ్గరి దేవలమర్రి. వాటిని దాటడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టారు. దుమ్ముగూడెం దగ్గర ఆ పనుల ఆనవాళ్ళు నేటికీ చూడవచ్చు. ఈలోగా 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తికి నది అవసరం లేకుండా పోయింది. 1871లో పనులు ఆపేశారు. మూడేళ్ళకు జిల్లానే ఎత్తేశారు. పథకం నెరవేరి ఉంటే ఈ రెండు నదుల కూడలి పెద్ద రేవు పట్టణం అయ్యేదేమో. ఇప్పుడది రైలు లేని, పరిశ్రమ లేని సరిహద్దు ఊరు.

ఆనాటి పేర్లు కొన్ని ఊళ్ళకు అతుక్కుని ఉన్నాయి. ఎగువ గోదావరి జిల్లా డిప్యూటీ కమిషనరుగా సిరోంచలో ఉన్న సి.ఎల్.ఆర్. గ్లాస్‌ఫర్డ్ 1862లో బస్తర్ సంస్థానం మీద ఒక నివేదిక రాశాడు. బస్తర్ చరిత్ర రాసేవారు నేటికీ దాన్ని తెరుస్తారు. ఈ తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరు ఉంది. ఈ సంగతి తెలిసి ఆ ఊరి మీదుగా వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళడం వేరు.

కాబట్టి సిరోంచను తెలిసినవారి వెంట చూడాలి. అయితే ఇక్కడ వృత్తి గైడ్లు లేరు. ఆ పని చేయగలవారు బడి పంతుళ్ళు, పదవీ విరమణ చేసిన రెవెన్యూ ఉద్యోగులు, పాత కుటుంబాల పెద్దలు. చాయ్ దుకాణం దగ్గర కూర్చుని ఊరి చరిత్ర తెలిసిన పెద్దమనిషి ఎవరున్నారని అడిగితే సాధారణంగా ఒకరి పేరు చెబుతారు. ఆయన ఇంటికి వెళ్ళి, పరిచయం చేసుకుని, ఆయన వీలు చూసుకుని నడవాలి. ఆయన సమయానికి ప్రతిఫలం ఎలా ఇవ్వాలన్నది మర్యాదకు సంబంధించిన విషయం. చేతిలో డబ్బు పెడితే నొచ్చుకునేవారు ఉన్నారు, తీసుకునేవారూ ఉన్నారు. మధ్యవర్తిని అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

రాతిలో దాగిన జంతువులు

గైడు లేకుండా చూస్తే పూర్తిగా వృథా అయ్యేది ఈ ప్రాంతపు శిలాజ సంపద. ప్రాణహిత గోదావరి లోయలోని ఒక రాతి పొరల సముదాయానికి భూగర్భ శాస్త్రవేత్తలు సిరోంచ దగ్గరి కోటా గ్రామం పేరే పెట్టారు. ఈ పొరల్లోని చేపల శిలాజాల గురించి 19వ శతాబ్దం మధ్యకే ఇంగ్లండులో వ్యాసాలు వెలువడ్డాయి. అసలు సంచలనం వందేళ్ళ తరువాత వచ్చింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పి.సి. మహలనోబిస్ పూనికతో, లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ మార్గదర్శకత్వంలో భూగర్భ పరిశోధన విభాగం మొదలైంది. ఆ బృందానికి 1958 నుంచి 1961 మధ్య సిరోంచ తాలూకా పోచంపల్లి పరిసరాల్లో భారీ ఎముకలు దొరికాయి. సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. తల భాగం మాత్రం దొరకలేదు. 1975లో ఆ డైనోసారుకు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. మొదటి భాగానికి బెంగాలీలో పెద్ద కాలు అని అర్థం, రెండోది రవీంద్రనాథ్ ఠాగూర్ స్మృతికి. చేనేత చీరల పోచంపల్లితో దీనికి సంబంధం లేదు, అది యాదాద్రి భువనగిరి జిల్లాలోది.

ప్రాణహితకు పడమట, పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తవ్వకాల్లో మరో జంతువు బయటపడింది. 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. బారాపాసారస్ కోల్‌కతాలో ఉంది. ఎముకలు నగరాలకు పోగా, అవి దొరికిన నేల ఇక్కడ ఉండిపోయింది.

సిరోంచ తాలూకా వడధంలో అటవీ శాఖ శిలాజ పార్కును ఏర్పాటు చేసింది. అక్కడ రాయిగా మారిన చెట్ల మానులు కనిపిస్తాయి. తెలియనివారి కంటికి అవి గోధుమరంగు బండలే. ఏది రాయి, ఏది రాయైన చెట్టు, చారలు ఎందుకున్నాయి, ఇంత పెద్ద మానులు ఇక్కడికి ఎలా చేరాయి అన్నది పక్కన ఒకరు నిలబడి చూపాలి. కోట్ల ఏళ్ళ కిందటి నదిని ఊహించుకోవడానికి కళ్ళొక్కటే చాలవు. అటవీ శాఖ సిరోంచ కార్యాలయంలో ముందుగా మాట్లాడుకుని, పార్కు తెలిసిన గార్డు ఉన్న రోజున వెళ్ళడం సరైన పద్ధతి. పిల్లలతో వచ్చేవారు హైదరాబాద్‌లో కోటాసారస్‌ను ముందు చూపించి తీసుకువస్తే పిల్లలకు బండల్లో ప్రాణం కనిపిస్తుంది. గుర్తుగా ఒక్క ముక్క కూడా తీయకూడదు. ఎక్కడ, ఏ పొరలో ఉందో తెలిస్తేనే శిలాజానికి విలువ. జేబులో పడిన క్షణం ఆ విలువ పోతుంది.

అడవి, గోండు ఊళ్ళు

సిరోంచ నుంచి ఉత్తరానికి అల్లపల్లి వెళ్ళే దారి సుమారు 100 కిలోమీటర్లు, చాలా భాగం అడవిలోంచి సాగుతుంది. ఈ దారి చుట్టుపక్కల కమలాపూర్‌లో అటవీ శాఖ ఏనుగుల శిబిరం ఉంది. ఒకప్పుడు టేకు దుంగలు లాగడానికి పెంచిన ఏనుగుల సంతతి అక్కడిది. కోలామార్కలో అడవి బర్రెలు మిగిలి ఉన్నాయి. అల్లపల్లి దగ్గరి పాత అడవి తునక ఒకదాన్ని 2014లో మహారాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది.

గైడు తప్పనిసరి చేస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ఇంకా ఉత్తరానికి, చంద్రపూర్ జిల్లాలోని తాడోబాకు వెళ్ళాలి. 1955లో జాతీయ ఉద్యానవనమైన ఆ పులుల అడవిలోకి జిప్సీలో, స్థానిక గైడుతోనే పంపుతారు. గైడ్లు ఆ చుట్టుపక్కల ఊళ్ళ యువతీయువకులు. పులి అడుగు, దుప్పి అరుపు, కోతి కేక వాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలుసు. యాత్రికుడు కట్టే రుసుములో కొంత ఊళ్ళోనే ఉంటుంది. గైడు నిబంధన యాత్రికుడి స్వేచ్ఛకు అడ్డు అని విసుక్కునేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి. హైదరాబాద్ నుంచి తాడోబా వెళ్ళే తెలుగువారు ఇప్పుడు చాలామంది. వారిలో సిరోంచ దాకా దిగేవారు అతి తక్కువ.

అల్లపల్లి నుంచి తూర్పుకు వెళితే భామ్రాగఢ్ తాలూకా, హేమల్‌కస. 1973 డిసెంబరులో బాబా ఆమ్టే అక్కడ లోక్ బిరాదరీ ప్రకల్ప్ అనే సేవాసంస్థను ప్రారంభించారు. ఆయన కొడుకు ప్రకాశ్ ఆమ్టే, కోడలు మందాకిని ఆమ్టే అక్కడ ఆసుపత్రి, ఆశ్రమ పాఠశాల, దెబ్బతిన్న అడవి జంతువుల సంరక్షణ నడిపారు. వారికి 2008లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అక్కడికి వెళ్ళేవారు ముందుగా తెలియజేసి, సంస్థవారు చూపినంత చూసి రావాలి. అది ఆసుపత్రి, బడి. పర్యాటక స్థలంగా పుట్టలేదు.

మాడియా గోండుల ఊళ్ళ విషయంలో ఈ వ్యాసకర్త అభిప్రాయం స్పష్టం: వాటిని చూడదగిన స్థలాల జాబితాలో చేర్చకూడదు. గైడు ఉన్నా, లేకున్నా. కెమెరా పట్టుకుని ఒక ఇంటి వాకిట్లోకి పిలవని పేరంటంగా వెళ్ళడం మన ఊళ్ళో ఎవరైనా చేస్తే మనం ఊరుకోము. ఆ ఊరివారే పిలిస్తే, ఆ ఊరి మనిషి వెంట ఉంటే, వెళ్ళవచ్చు. ఈ జిల్లా మావోయిస్టు హింస, పోలీసు చర్యల మధ్య దశాబ్దాలు నలిగింది. కొత్త ముఖం కనిపిస్తే ఊరివాళ్ళు జంకడానికి కారణాలున్నాయి. లోపలి దారుల్లోకి వెళ్ళేముందు స్థానిక పోలీసు ఠాణాలో పరిస్థితి కనుక్కోవాలి, చీకటి పడకముందే పెద్ద రోడ్డుకు చేరాలి. ఇక్కడ సొంత ప్రయాణం అంటే తెగించి తిరగడం కాదు.

మార్కండ, సోమనూరు

చామోర్షి తాలూకాలో వైనగంగ ఒడ్డున ఉన్న మార్కండ ఆలయ సముదాయాన్ని విదర్భ ఖజురహో అంటారు. భారత పురావస్తు సర్వే రక్షణలో ఉంది. 1870లలో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ దీన్ని చూసి వర్ణించాడు. పిడుగుపాటుకు శిఖర భాగాలు దెబ్బతిన్న గుడి ఇది. శిల్పం మీద ఇష్టం ఉన్నవారు ఇక్కడ ఒంటరిగా సగం రోజు గడపవచ్చు. గోడల మీది బొమ్మల వరసలు తీరిగ్గా చూసేవారికి వాటంతట అవే తెరుచుకుంటాయి. గుంపుతో వచ్చి ఇరవై నిమిషాల్లో ఫొటోలు తీసుకుని వెళ్ళేవారికి ఏమీ దక్కదు. పాలంపేట రామప్ప గుడితో పోల్చి చూడటం మంచి సాధన. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ తేలే ఇటుకలు, పునాది కింద ఇసుక, మదనికల సంగతి గైడు చెప్పకపోతే సగం పోతుంది. ఒకే ప్రయాణంలో ఒక గుడిని గైడుతో, ఒక గుడిని మౌనంగా చూడవచ్చు.

సోమనూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలు ఒకదానినొకటి చూసుకునే చోటు. దీనికి గైడు అవసరం లేదు. దారి, నీటి మట్టం తెలిసిన ఒక మనిషి తోడుంటే చాలు.

దారి, కాలం

మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా, లేదా వరంగల్ నుంచి భూపాలపల్లి, కాళేశ్వరం మీదుగా సిరోంచ చేరవచ్చు. హైదరాబాద్ నుంచి కాళేశ్వరం దాదాపు 270 కిలోమీటర్లు. మహారాష్ట్ర వైపు తిరగడానికి ఆ రాష్ట్ర రవాణా సంస్థ (ఎస్టీ) బస్సులున్నాయి కానీ అవి స్థానికుల అవసరాలకు కుదిర్చిన వేళల్లో నడుస్తాయి. ఒకే రోజు మూడు నాలుగు చోట్లు చూడాలంటే సొంత బండి, లేదా మాట్లాడుకున్న బండి కావాలి. అడవి దారిలో సెల్ సిగ్నల్ అందని మేర చాలా ఉంది. ఫోనులోని మ్యాపును నమ్ముకుని వచ్చేవారు దాన్ని ముందే దించుకోవాలి. ఊరి డ్రైవరును పెట్టుకుంటే సగం గైడు దొరికినట్టే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే ఎండలు భరించడం కష్టం. వానాకాలంలో వాగులు పొంగితే ఊళ్ళకు ఊళ్ళే తెగిపోతాయి. 2022 జులై వరదలో గోదావరి ఈ రెండు గట్లనూ ముంచింది.

ఇతర దేశాల అనుభవం

ఈ ఎంపికను చాలా దేశాలు యాత్రికుడికి పూర్తిగా వదిలిపెట్టవు. పెరూలో మాచు పిచ్చుకు సమయం నిర్ణయించిన టికెట్లు, గైడు నిబంధనలు పెట్టారు. ఇటలీలో పరీక్ష నెగ్గి లైసెన్సు తీసుకున్నవారే గైడు వృత్తి చేయాలి. భూటాన్ చాలా ప్రాంతాలకు విదేశీయులను గైడు లేకుండా పంపదు. వెనిస్ నగరం మరో దిక్కు నుంచి ఆలోచించింది. 2024లో గైడు వెంట నడిచే గుంపును 25 మందికి పరిమితం చేసి, లౌడ్‌స్పీకర్లను నిషేధించింది. అదే ఏడాది ఏప్రిల్ 25 నుంచి, కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవారి మీద 5 యూరోల రుసుము పెట్టింది. జనం ఎక్కువైన నగరాలకు గైడ్ల గుంపులే సమస్య. సిరోంచ బాధ దీనికి తలకిందులు. చూడటానికి వచ్చేవారు లేరు కాబట్టి చెప్పేవారు తయారు కాలేదు. చెప్పేవారు లేరు కాబట్టి వచ్చినవారు చెప్పుకోదగ్గదేమీ లేదనుకుని వెళ్ళిపోతున్నారు.

ఐరోపా నగరాల్లో అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఒకటి ఇక్కడికి బాగా పనికివస్తుంది. మొదటి రోజు పొద్దున గైడుతో రెండు మూడు గంటలు నడిచి ఊరి నడక, కథ తెలుసుకుంటారు. ఆపైన మిగిలిన రోజులు సొంతంగా తిరుగుతారు. మొత్తం యాత్రను ఏజెన్సీకి అప్పగించడం, మొత్తం తామే మోయడం రెండూ మానుకుంటారు.

ఎంపిక

సిరోంచకు ఈ పద్ధతిని అన్వయిస్తే కాళేశ్వరం, సంగమం, సోమనూరు, మార్కండ సొంతంగా చూడదగినవి. సిరోంచ పట్టణం, వడధం శిలాజాలు తెలిసిన మనిషి వెంట చూడవలసినవి. అడవిని అటవీ శాఖవారి అనుమతితో, హేమల్‌కసను సంస్థవారి అనుమతితో చూడాలి. మంచాన పడి లేచిన పెద్దలు, చంటిపిల్లలు వెంట ఉంటే కాళేశ్వరం వరకు ప్యాకేజీ బస్సు న్యాయమైన ఎంపికే. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. బస్సు నిర్వాహకులను బయలుదేరే ముందు రెండు విషయాలు అడగాలి: ఒక్కో చోట ఎంతసేపు ఆపుతారు, వంతెన దాటి సిరోంచకు తీసుకువెళతారా. ఎక్కువమంది అడిగితే ఈ రెండో ప్రశ్నకు జవాబు మారుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు వచ్చినట్టే జనం రెండు గట్లకూ వస్తారు. ఈలోగా తెలంగాణ, మహారాష్ట్ర పర్యాటక శాఖలు కలిసి సిరోంచ, కాళేశ్వరం యువతీయువకులలో కొందరికి తాడోబా తరహాలో శిక్షణ ఇవ్వాలి. నదుల నౌకాయాన చరిత్ర, ఎగువ గోదావరి జిల్లా కథ, కోటా శిలాజాలు నేర్పి, గుర్తింపు కార్డు, నిర్ణీత రుసుము ఏర్పాటు చేయాలి. కోట దగ్గర, వడధంలో మరాఠీతోపాటు తెలుగు బోర్డులు పెట్టాలి. పుష్కర స్నానానికి వచ్చే తెలుగువారు ఒక పూట మిగుల్చుకుని వంతెన దాటండి. ఊళ్ళో తెలిసిన పెద్దమనిషిని వెతికి, ఆయన వెంట సిరోంచ చూడండి.